గేటుబావ పుట్టిన చోటు

నేను చెప్పే కథల్లో నిజం ఎంత ఉంటుందని మా చీరాలలో ఎవరినైనా అడగండి. కాఫీలో చికోరీ పాటి ఉంటుందంటారు. అదీ నా మీద అభిమానం ఉన్నవాళ్ళు చెప్పే లెక్క. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ కిందటి మాఘమాసంలో హోటల్లో ఒక మాస్టారు నన్ను అనరాని మాట అన్నాడు.

పన్నెండేళ్ళ కిందటి నా కోయంబత్తూరు ప్రయాణం గురించి అప్పటికి నూరోసారి చెబుతున్నాను. అప్పుడు నేను మద్రాసు కంపెనీ ఒకదాని తరఫున మిల్లులకు తోలు బెల్టులు అమ్మే ఏజెంటును. పోదనూరులో రైలు మారబోయి జ్వరంతో ప్లాట్‌ఫారం మీద పడిపోయాను. రంగసామి అనే మిల్లు కార్మికుడు, ముక్కూ మొహం తెలియనివాడు, నన్ను జట్కాలో వేసుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. ఇల్లంటే మిల్లువాళ్ళు ఇచ్చిన లైన్లలో, అంటే కార్మికుల వరస ఇళ్ళలో, ఒక్క గది. ఆ లైన్లకొక గేటు, గేటుకొక కాపలావాడు. చుట్టాలు తప్ప బయటి మనిషి లోపల అడుగు పెట్టకూడదు. రంగసామి "మా బావ" అని చెప్పి నన్ను లోపలికి మోసుకుపోయాడు. అక్కడ అలా ఆదుకున్న మనిషిని గేటుబావ అంటారు. ఆదుకున్నవాడూ గేటుబావే, ఆదుకోబడినవాడూ గేటుబావే.

మూడోనాడు మేస్త్రీ గదులు చూడటానికి వచ్చాడు. తెలుగువాడే. నువ్వెవరని అడిగాడు. నేను మంచం మీద లేచి కూర్చుని హంపీ దగ్గర మొదలుపెట్టి, మా తాతా రంగసామి తాతా విడిపోయిన వైనమూ, మా నలభై ఎకరాల మాగాణీ, మా ఏనుగులూ చెప్పాను. మేస్త్రీ పడీపడీ నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే నేనూ వెళ్ళిపోయాను.

ఇదీ కథ. మేస్త్రీని బోల్తా కొట్టించిన కథ. మాస్టారు అంతా విని, "ఏనుగుల సంగతి సరేనయ్యా, ఆ గేటుబావ అన్న మాట కూడా నీ సృష్టేనా?" అన్నాడు.

ఏనుగులు అబద్ధమంటే ఒప్పుకుంటాను. నా మొత్తం కథలో నిజమైన మాట గేటుబావ ఒక్కటే. దాన్నే నమ్మలేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో కనుక్కుని వస్తానని అక్కడే పందెం కాశాను. రంగసామికి ఒక పంచెల చాపు, ఆయన భార్య ఆండాళమ్మకు ఒక చీరాల చీర కొని కాగితంలో చుట్టించి, రైలెక్కాను.

పోదనూరు

స్టేషను మారలేదు. నేను పడిపోయిన చోట ఇప్పుడు తూకం యంత్రం ఉంది. నయాపైసలు వచ్చి కొన్నాళ్ళయినా అక్కడి ఇడ్లీల ముసలాయన అణాల్లోనే ధర చెప్పి, పైసల్లో తీసుకుని, మధ్యలో తేడా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇడ్లీ మాత్రం మెత్తన. దాని మీద పోసిన పులుసును నేను సాంబారు అంటే, అది సాంబారు కాదన్నట్టు నన్ను వింతగా చూశాడు.

జట్కావాడు తెలుగువాడు. వాళ్ళ పెద్దలు ఎన్ని వందల ఏళ్ళ కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. నా మాట వినగానే గుర్రాన్ని ఆపేసి వెనక్కి తిరిగాడు.

"మీరు ఆంధ్రానా సామీ? మీ తెలుగు రేడియో మాదిరి ఉండాది."

"మీది మా అమ్మమ్మ మాదిరి ఉంది," అన్నాను. సంతోషించాడు. ఈ సందులో గేటుబావ అన్న మాట ఎక్కడిదని అడిగాను.

"అది తెలీదా? రైలు గేటు ఉండాది చూడు, ఆ గేటు వేసినప్పుడు బండ్లన్నీ నిలిచిపోతాయి కదా? అప్పుడు పక్క బండోనితో మాటలు కలిపితే వాడే గేటుబావ. మా తాత కనిపెట్టినాడు ఆ మాట."

"మీ తాతేనా?"

"మా తాత రాజాకి జట్కా తోలినాడు సామీ. నాలుగు గుర్రాలు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. తోటి పనివాడు దొరికినంత ఆనందం. నేనూ ఊరుకోలేదు. మా తాత ఏనుగుల సంగతి ఎత్తాను. లైన్లు వచ్చేదాకా ఇద్దరం ఒకరి మాట ఒకరు నమ్మినట్టు వింటూనే ఉన్నాం. దిగేటప్పుడు మాత్రం, "సామీ, ఏనుగులు కొంచెం ఎక్కువైనాయి," అన్నాడు గంభీరంగా.

లైన్ల గేటు

గేటు ఇప్పుడు ఇనపది. అప్పట్లో చెక్కది. పక్కనే కాపలావాడి గది కిటికీలో లావుపాటి పుస్తకం. లోపలికి పోవాలంటే ఎవరి చుట్టమో, ఇంటిపేరేమిటో, ఏ ఊరో, వరస ఎలా కలిసిందో చెప్పాలట. లోపలివాళ్ళు వచ్చి సంతకం పెట్టాలట. రంగసామి పేరు చెప్పాను. కాపలావాడు పుస్తకమైనా తెరవకుండా "ఇల్లె" అన్నాడు. లేడు అని.

ఏం చెయ్యాలో తోచక గేటు బయట పొంగణాలు పోస్తున్న ముసలామె దగ్గర కూర్చున్నాను. మనవైపు గుంటపొంగణాలే. వాటిని బెల్లంతో పోసి పణియారం అంటున్నారు. పేరు కుప్పవ్వ. మిల్లులో నూలు చుట్టే విభాగంలో ముప్పై ఏళ్ళు చేసిందట. చెవుల తమ్మెలు భుజాల దాకా సాగి ఉన్నాయి. నాలుగు తిన్నాక మెల్లగా అడిగాను.

"గేటుబావ మాట ఎక్కడ పుట్టిందవ్వా?"

ఆమె గరిటెతో నా కాళ్ళ వైపు చూపించింది. "నువ్వు కూర్చున్న తావులో."

నేను అనుకోకుండా పక్కకు జరిగాను.

"మిల్లు కొత్త అప్పుడు. నేను కొత్త పెండ్లికూతుర్ని. ఉడుమలపేట పక్కనుంచి ఎవరో మిల్లులో వేలకని, పనికని వచ్చినాడు. మనోడే, తెలుగే. వాంతీ భేదీ పట్టుకొని అక్కడ పడినాడు. తణ్ణి తణ్ణి అని నీళ్ళు అడగతా ఉండాడు. మేము లోపలికి తెచ్చుకుంటామని చెప్తిమి. కాపలావాడు అడిగినాడు, మీకు చుట్టమా అని. లోపల నూరు ఇండ్లు ఉండాయప్పా. ఒక్కొక్కర్నీ అడిగినాడు. అందరూ లేదని చెప్పినారు." పెనం మీద నూనె వేసింది. "నిజమే చెప్పినారు. నన్నూ అడిగినాడు. నేనూ నిజమే చెప్తి. చుట్టం కాని వానికోసం గేటు తియ్యలే. పొద్దు గుంకేసరికి పానం పోయె."

ఇంకో వాయి తీసి నా ఆకులో పెట్టింది.

"అది జరిగినాక, అప్పురం, లైన్లలో పెద్దోళ్ళంతా కూర్చొని కట్టుబాటు పెట్టుకొన్నారు. ఇంగ ఎవరు గేటు దగ్గర పడినా బావ అని చెప్పాల. పేరు అడగరాదు, కులం అడగరాదు. గేటులో బావ అంటే సచ్చేదాకా బావే."

"బావే ఎందుకవ్వా? అన్న అనొచ్చుగా?"

"అన్న అంటే ఇంటిపేరు ఒకటి కావాల. మామ అంటే వయసు కావాల. బావకు ఏమి కావాల? ఇంటిపేరు వేరుగా ఉంటే చాలు. లోకంలో అందరికీ వేరే కదా!" అని నవ్వింది. ఎంత సులువైన ఏర్పాటో చూశారా అన్నట్టు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు సగంలో ఆగింది. అప్పటికి పన్నెండేళ్ళుగా చెబుతున్న కథలో, మేస్త్రీ మీ ఇంటిపేరేమిటని అడిగితే నేనేం చెప్పానో జ్ఞాపకం వచ్చింది. రంగసామి వాళ్ళది తాళ్ల వారి ఇల్లు. ఆండాళమ్మ ముందురోజే ఆ మాట నాకు చెప్పి పెట్టింది. చెప్పింది నేను ఆ పేరు తప్ప ఇంకేదైనా అంటానని. నేనేమో ఛాతీ విరిచి, "మేమూ తాళ్ల వారమే, ఒకే రక్తం," అన్నాను. బావనన్న సంగతి తెలియక కాదు. కథ పట్టులో ఉన్నప్పుడు నాకు వావివరసలు గుర్తుండవు.

"ఇప్పుడు గేటుబావలు వస్తుంటారా?" అన్నాను.

"ఇంగెక్కడ? ఆంధ్రా బావతో సరి." కుప్పవ్వకు ఈ కథ చెప్పడం ఇష్టమని మొహమే చెబుతోంది. "ఒక ఆంధ్రా బావ వచ్చినాడు చూడు. రంగసామి మోసుకొని వచ్చినాడు పావం. మేస్త్రీ అడిగితే, బావ అని చెప్పి నోరు మూసుకోవచ్చు కదా? రంగసామిదీ నాదీ ఒకే ఇంటిపేరు అన్నాడంట! ఒకే ఇంటిపేరు అయితే వాడు అన్నో తమ్ముడో కావాల, బావ ఎట్లవుతాడు? చెల్లెల్ని చేసుకొన్నాడా? మేస్త్రీ మనోడే కదా, అరవోడైతే తెలీదు. వాడికి నవ్వి నవ్వి కండ్లలో నీళ్ళు. ఏనుగులు కూడా ఉండాయని చెప్పినాడంట ఆ పుణ్యాత్ముడు. రెండు."

చీరాలలో ఇప్పుడవి ఏడు. సరిదిద్దలేదు.

"అప్పురం?"

"అప్పురం ఏముంది, కాపి తాగి నేరుగా ఆఫీసుకు పోయినాడు. అప్పుడు ఎర్రజెండా సంఘం వాళ్ళు దాక్కొని తిరగతా ఉండిరి, పోలీసులు వాళ్ళని వెతకతా ఉండారు. దొంగ చుట్టాన్ని పెట్టుకొన్నాడని రంగసామికి వేల పోయె, రూము పోయె. చంకలో బిడ్డని వేసుకొని ఆండాళు ఈ గేటులోనే నిలబడె. ఆ వారమే ఈ పుస్తకం వచ్చె. ఇంటిపేరు చెప్పు, వరస చెప్పు, తప్పైతే రూము విడు. ఇంగ ఎవరికప్పా ధైర్యం? పోయిన ఏడు ఎండల్లో ఒకాయన ఇక్కడే పడినాడు. అందరూ నిజమే చెప్పినారు."

ఆకులో రెండు పణియారాలు మిగిలాయి. నా వంక చూసి, "ఏమి, బాగలేదా?" అంది.

"మీ ఆంధ్రాలో అందరూ అట్లనేనా?" అని కూడా అడిగింది. లేదన్నాను. రంగసామి ఎక్కడున్నాడని అడిగాను. కొన్నేళ్ళు చిన్నమనూరు దగ్గర ద్రాక్షతోటల్లో కూలికి ఉన్నారనీ, ఇప్పుడు మదురైలో ఒక మిల్లులో బదిలీ పని, అంటే ఎవరైనా రాని రోజున ఆ మనిషి బదులు చేసే పని, దొరికిందనీ చెప్పింది. కొత్తగా గది కూడా ఇచ్చారట. మిల్లు పేరూ చెప్పింది.

నేను ఎవరినో చెప్పలేదు. ఆ రోజుకి నేను చెప్పని నిజం అదొక్కటే అనుకుంటాను.

దిండిగల్ మీదుగా

పొళ్ళాచ్చి దాటాక కొబ్బరితోటలు, ఆ తర్వాత ఏమీ లేని ఎర్రనేల. పెట్టెలో నా పక్కన ఒక తమలపాకుల వ్యాపారి. మాటకు మాట కలిపే మనిషి. ఇంకో రోజైతే ఆయన్ని మదురై వచ్చేదాకా ఊపిరి పీల్చుకోనిచ్చేవాణ్ణి కాను. "మదురైలో ఎవరున్నారు?" అని అడిగాడు. "చుట్టాలు," అన్నాను. "ఏమి వరస?" అన్నాడు. ఇక్కడివాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎక్కడిదో! కిటికీలోంచి బయటికి చూశాను.

దిండిగల్‌లో సిరుమలై అరటిపళ్ళు కొన్నాను. వేలెడంత ఉంటాయి, మన చక్కెరకేళీ కూడా ఆ రుచి దగ్గరకు రాదు. డజను కొని ఒక్కటీ తినకుండా రంగసామి పిల్ల కోసం మూటలో పెట్టాను. చంకలో బిడ్డకు ఇప్పుడు పదమూడేళ్ళు ఉంటాయని ఆ తర్వాత తట్టింది.

ఏం చెప్పాలో దారి పొడుగునా కట్టుకుంటూ వచ్చాను. క్షమించమని ఒక రకం, నాకేమీ తెలియదని ఒక రకం, మేస్త్రీ దుర్మార్గుడని ఒక రకం. అన్నీ బాగానే కుదిరాయి. అందుకే భయం వేసింది.

మదురై

ఊళ్ళో మొదట పత్తిపాలు తాగాను. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి, ఆ పాలు బెల్లం, శొంఠి వేసి కాచుతారు. ఇత్తడి బిందెలో పొద్దుటే అమ్ముతారు. మనం గింజలు గేదెలకు పెట్టి పాలు పిండుకుంటాం. వీళ్ళు గేదె లేకుండానే పని జరుపుకుంటున్నారు. ఇంకో రోజు ఈ మాట మీద పావుగంట మాట్లాడేవాణ్ణి.

మిల్లు లైన్లకు ఇక్కడా గేటు. ఆ గేటుకు ఇవతలే కుళాయి. ఆడవాళ్ళు బిందెలతో నిలబడ్డారు. అందులో ఒకామెను చూశాను. జుట్టు తెల్లబడింది, ఒళ్ళు చిక్కింది. అయినా ఆండాళమ్మే. నన్ను చూసి చూపు తిప్పేసుకుంది. గుర్తుపట్టలేదు. పట్టడానికి అప్పుడు నాకు ఒత్తయిన జుట్టు, వారం గడ్డం. ఇప్పుడు బట్టతల, మీసం.

"అమ్మా, నేను చీరాల నుంచి..." అన్నాను.

బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె చూడలేదు.

"మొగం మరిచిపోయినా," అంది నెమ్మదిగా, "ఆ గొంతు మరిచేదాన్నా?"

కాగితం మూట ముందుకు చాచాను. తీసుకోలేదు. పక్కవాళ్ళకు వినపడకుండా మాట్లాడింది.

"ఏమిటికి వస్తివి?"

"తెలియలేదమ్మా. నేను వెళ్ళాక జరిగింది నాకు మొన్ననే తెలిసింది. ఆయన్ని ఒక్కసారి చూసి..."

"చూస్తే?"

"క్షమించమని..."

"ఆయన క్షమిస్తాడు! దానికేమి?" బిందెను కుళాయి కింద నుంచి పక్కకు లాగింది. "ఇంగా నీ కథ చెప్పుకొని నవ్వతాడు ఆ మనిషి. బావకి రెండు ఏనుగులు ఉండాయి, ఒకటి మనకి తోలుకొని వస్తాడు అని బిడ్డకి చెప్పి చెప్పి పెంచినాడు. చిన్నమనూరులో ఆ బిడ్డ జరంతో పడితే డాక్టరు దగ్గరికి పోను నడిచేదానికి పది మైళ్ళు. అప్పుడూ చెప్పినాడు ఏనుగు కథ. బిడ్డ దక్కలే."

నేను మూట కిందికి దించాను. అందులో అరటిపళ్ళున్నాయి.

"ఆరు నెలలాయె రూము వచ్చి," అంది. "నిన్ను చూస్తే ఆయన ఊరుకోడు. బావ వచ్చినాడని గేటులో చెప్పి లోపలికి పిలుస్తాడు. ఇంగోసారి పిలుస్తాడప్పా, నాకు తెలుసు. ఇక్కడా పుస్తకం ఉండాది. సంగు ఊదేలోపల వెళ్ళిపో. నీకు చేతులెత్తి మొక్కుతా."

సంగు అంటే షిఫ్టు వదిలేటప్పుడు మోగే మిల్లు సైరను. గేటులో కాపలావాడు మా వైపే చూస్తున్నాడు. "యారమ్మా అదు? చుట్టమా?" అని అరిచాడు.

ఆండాళమ్మ తిరిగి గేటు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అరవంలో జవాబిచ్చింది. నాకు ఆ మాత్రం అరవం వచ్చు.

"ఎవరో తెలీదు. దాహమని అడిగినాడు."

బిందెలోంచి చెంబుతో ముంచి నా దోసిట్లో నీళ్ళు పోసింది. తాగేదాకా పోసింది. బిందె నడుముకెత్తుకుని లోపలికి పోయింది. మళ్ళీ చూడలేదు.

బస్సు దగ్గర

వెంటనే కదలి ఉండవలసింది. రోడ్డు మలుపులో ఒక టీ దుకాణం అరుగు మీద కూర్చుండిపోయాను. సైరను మోగింది. నూలు దుమ్ము తలల మీద పడి అందరూ ఒక్కసారే ముసలివాళ్ళయినట్టు జనం బయటికి వచ్చారు. అందులో ఒకాయన దగ్గుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. కాళ్ళు చూసే గుర్తుపట్టాను. ఆ కుడికాలు కొంచెం ఈడుస్తాడు. నన్ను మోసినప్పుడు కూడా ఈడుస్తూనే మోశాడు.

"ఏమయ్యా, ఊరికి కొత్తా? ఒళ్ళు బాగలేదా?" అన్నాడు రంగసామి అరవంలో.

నోరు తెరిస్తే గొంతు పట్టేస్తాడు. నోటి మీద చెయ్యి పెట్టుకుని, మాట రాదన్నట్టు చెయ్యి ఆడించాను.

"అయ్యో పావం," అన్నాడు.

ఎక్కడికి పోవాలని చేతులతో అడిగాడు. దూరంగా ఆగిన బస్సు చూపించాను. ఆయన నన్ను లేపి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. నా కాగితం మూట కూడా తనే పట్టుకున్నాడు. ఒకసారి దాన్ని పైకెత్తి చూసి, కొత్తబట్ట వాసనకు ముక్కుపుటాలు ఎగరేసి, ఇంటివాళ్ళకా అన్నట్టు నవ్వాడు. తల ఊపాను. బస్సు దిండిగల్ పోయేది. కండక్టరు మూగవాణ్ణి ఒంటరిగా ఎక్కించుకోవడానికి నసిగాడు. తోడు ఎవరూ లేరా, దిగే చోటు ఎలా తెలుస్తుందని గట్టిగా అడుగుతున్నాడు.

"మా మచ్చానయ్యా," అన్నాడు రంగసామి క్షణం తడుముకోకుండా. అరవంలో మచ్చాన్ అంటే బావ. "మాట రాదు. దిండిగల్‌లో నువ్వే చెయ్యి పట్టుకొని దింపు."

నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, మూట ఒళ్ళో పెట్టి దిగాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి చెయ్యి చాచి నా భుజం తట్టాడు. నాకు అర్థం కాదనే అనుకుని, తనలో తను అనుకున్నట్టు తెలుగులో అన్నాడు.

"సుఖంగా పోయి రా బావా."

పంటి బిగువున నోరు మూసుకుని తల ఊపాను.